పెద్దవాళ్లకూ ఒక టీకాల రోజు ఉండాలి

సంపాదకులకు,

నమస్కారం. అరవై దాటినవారికి టీకాలు వేయించడం డబ్బు దండగ అనీ, ఒంట్లో రోగనిరోధక శక్తే సన్నగిల్లిన వయసులో టీకా మాత్రం ఏం చేయగలదనీ వాదిస్తూ ఇటీవల మీ పాఠకుల పేజీలో వచ్చిన లేఖ చదివాను. ఆ లేఖలోని మొదటి సగం నిజమే. వయసు మీదపడేకొద్దీ టీకాకు శరీరం స్పందించే తీరు మందగిస్తుందన్న విషయంలో శాస్త్రవేత్తలకు భిన్నాభిప్రాయం లేదు. కానీ ఆ నిజం నుంచి లేఖకులు చేరుకున్న నిర్ణయం మాత్రం తలకిందులుగా ఉంది. డిగ్రీ కళాశాలలో చాలాకాలం సూక్ష్మజీవశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి, పైగా నేనూ ఆ వయసువాణ్ణే కాబట్టి, నాకు తెలిసినంతలో ఈ వివరణ పంపుతున్నాను. కొంచెం పొడవైనా ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

మందగించేది ఏమిటో ముందు చూడాలి. రొమ్ము ఎముక వెనుక, గుండెకు కాస్త పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. ఎముక మజ్జలో పుట్టిన కొన్ని తెల్లకణాలు అక్కడికి చేరి, మన శరీరానికి చెందినదేదో పరాయిదేదో గుర్తుపట్టడం నేర్చుకుని టి-కణాలుగా బయటికి వస్తాయి. పేరులోని ‘టి’ ఆ గ్రంథి ఇంగ్లిష్ పేరులోని మొదటి అక్షరమే. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త ఎలుకపిల్లల మీద చేసిన ప్రయోగాలతో దాని పని బయటపడేదాకా వైద్యులు దాన్నొక పనికిరాని అవశేషంగానే లెక్కగట్టారు. ఇంత ముఖ్యమైన గ్రంథి యవ్వనంలోనే కుంచించుకుపోవడం మొదలుపెట్టి, అరవై ఏళ్లు వచ్చేసరికి చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. ఆ తరువాత మన రక్షణ వ్యవస్థ పరిస్థితి ఏటా కొత్త పంట రాని గాదె లాంటిది: ఉన్న గింజలతోనే నెట్టుకురావాలి, పోనుపోను వాటిలోని రకాలు కూడా తగ్గిపోతాయి. చాలామందిలో చిన్నతనంలోనే ప్రవేశించి జీవితాంతం నక్కి ఉండే సైటోమెగాలో వైరస్ అనేదొకటి ఉంది. దాన్ని అదుపులో పెట్టే పనిలోనే ఆ గాదెలో పెద్ద భాగం ఒకే రకం గింజతో నిండిపోతుంది. అయితే ఈ వైరస్ కారణంగా టీకా స్పందన ఎంతవరకు దెబ్బతింటుందన్న దానిపై పరిశోధకులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు.

టి-కణాల సంగతి అలా ఉండగా, క్రిములకు అతుక్కుని వాటిని అడ్డుకునే యాంటీబాడీలను తయారుచేసే బి-కణాల పని కూడా నెమ్మదిస్తుంది. భుజానికి సూది వేసినప్పుడు టీకాలోని పదార్థాన్ని కొన్ని కణాలు చంకలోని లింఫ్ గ్రంథులకు మోసుకుపోతాయి. అక్కడ బి-కణాలు, వాటికి తోడుగా నిలిచే టి-కణాలు కలిసి కొన్ని వారాలపాటు యాంటీబాడీలను సానబెడతాయి. సరిగ్గా అతుక్కునేవాటిని ఉంచుకొని, అతుక్కోనివాటిని వదిలేస్తాయి. వృద్ధుల్లో ఈ మోసుకుపోవడమూ ఆలస్యమే, ఆ సానబెట్టడమూ తక్కువే. అందువల్ల యాంటీబాడీలు తక్కువగా పుడతాయి, పుట్టినవాటి పదును తక్కువగా ఉంటుంది, ఉన్నవి త్వరగా తగ్గిపోతాయి. దీనికి తోడు, ఏ జబ్బూ లేనట్టు కనిపించే పెద్దవారి ఒంట్లో కూడా సన్నని సెగలాగా ఒక వాపు ప్రక్రియ నిరంతరం సాగుతూనే ఉంటుంది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో దీనికొక పేరు పెట్టినప్పటి నుంచి దీని మీద విస్తారంగా పరిశోధన జరుగుతోంది. ఎప్పుడూ ఏదో ఒక అలజడి ఉన్నచోట, టీకా పుట్టించే కొత్త అలజడికి కణాలు సరిగా స్పందించలేకపోవడం సహజం.

ఇక్కడొక అపోహ గురించి చెప్పాలి. టీకా వేసిన రాత్రి ఒళ్లు వెచ్చబడకపోతే, చెయ్యి నొప్పి పెట్టకపోతే, ‘నీళ్ల సూది వేశారేమో’ అనుకునేవారు మన ఇళ్లల్లో చాలామంది. వయసు మళ్లినవారిలో టీకా తరువాతి జ్వరం, నొప్పి సాధారణంగా తక్కువగానే ఉంటాయి. జ్వరం రాలేదు కాబట్టి టీకా పనిచేయలేదనుకోవడం సరికాదు.

వయసుతో స్పందన తగ్గే ఈ లోపం మామూలు ఫ్లూ టీకాలో స్పష్టంగా కనిపిస్తుంది. పలు అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2006లో వెలువడింది. యువకుల్లో ఆ టీకా 70 నుంచి 90 శాతం రక్షణ ఇస్తే, వృద్ధుల్లో 17 నుంచి 53 శాతమే ఇస్తుందని, యాంటీబాడీల స్పందనను బట్టి అది అంచనా వేసింది. హెపటైటిస్-బి టీకా కూడా అంతే; నలభై దాటినప్పటి నుంచి స్పందన తగ్గుతూ, అరవై వచ్చేసరికి నలుగురిలో ఒకరికి రక్షణ స్థాయి యాంటీబాడీలు రావు. మీ లేఖకులు చెప్పిన మాట ఇదే. వారి వాదన ఇక్కడితో ఆగిపోయింది. అసలు విషయం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

దానికి సర్పి మంచి ఉదాహరణ. నడుము చుట్టూనో, ఛాతీకి ఒకవైపునో, కంటి మీదనో నీటి పొక్కులు పట్టీలాగా లేచి, అవి మానిపోయిన తరువాత కూడా నెలల తరబడి నిప్పు పెట్టినట్టు మండే ఈ జబ్బుకు మన పల్లెల్లో నాటు పూతలు పూయించుకోవడం, మంత్రం వేయించుకోవడం ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చిన వైరస్సే నరాల మొదళ్లలో దశాబ్దాలపాటు దాగి, టి-కణాల కాపలా సడలిన వయసులో మళ్లీ బయటికి వస్తుంది. అంటే ఇది వయసుతో తగ్గే రోగనిరోధక శక్తికి నేరుగా ముడిపడిన జబ్బు. దీనికి 2006లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి టీకా జోస్టావాక్స్. పిల్లలకు వేసే ఆటలమ్మ టీకాలోని బలహీనపరచిన వైరస్‌నే కనీసం పద్నాలుగు రెట్లు ఎక్కువ మోతాదులో ఇచ్చేవారు. అరవై దాటిన 38,546 మందిపై జరిగి 2005లో వెలువడిన పరీక్షలో అది మొత్తం మీద 51 శాతం కేసులను ఆపింది. అయితే అరవైల్లో ఉన్నవారిలో దాదాపు 64 శాతం రక్షణ ఇచ్చిన అదే టీకా, డెబ్బై దాటినవారిలో 38 శాతం దగ్గరే ఆగిపోయింది. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ ఉపయోగపడింది. ‘ఈ వయసులో ఇంతే’ అని చేతులు దులుపుకొని ఉంటే కథ అక్కడితో ముగిసేది.

పరిశోధకులు అలా అనుకోలేదు. వైరస్ మొత్తాన్ని ఇవ్వడం మానేసి, దాని పైపొరలోని ఒక్క ప్రోటీన్‌ను తీసుకొని, దానికి రోగనిరోధక కణాలను గట్టిగా తట్టిలేపే ఒక అడ్జువెంట్‌ను జతచేశారు. ఆ అడ్జువెంట్‌లో ఒక భాగం బ్యాక్టీరియా పైపొర నుంచి తీసి మార్చిన కొవ్వు పదార్థం; మరొకటి దక్షిణ అమెరికా ఖండంలో చిలీలో పెరిగే, నురుగునిచ్చే ఒక చెట్టు బెరడు నుంచి తీసినది. అలా తయారైన షింగ్రిక్స్ టీకా యాభై దాటినవారిలో 97 శాతం, డెబ్బై దాటినవారిలో 90 శాతానికి దగ్గరగా రక్షణ ఇచ్చినట్టు 2015, 2016లలో ప్రచురితమైన పరీక్షలు చూపాయి. డెబ్బై ఏళ్ల శరీరం మారలేదు, థైమస్ తిరిగి మొలకెత్తలేదు. మారింది టీకా ఒక్కటే. 2020 చివరికల్లా అమెరికాలో పాత టీకా అమ్మకమే ఆపేశారు. కొత్త టీకాకు ఇబ్బందులు లేవని నేననను. వేయించుకున్నవారిలో సుమారు ఆరుగురిలో ఒకరికి ఒకటి రెండు రోజులు పనులు చేసుకోలేనంత నొప్పో నలతో ఉండవచ్చు. రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు తీసుకోవాలి. ఇది 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. ధర గురించి చివర్లో రాస్తాను.

ఫ్లూ విషయంలో ఇంతటి విజయం రాలేదు, కానీ దారి అదే. అరవై అయిదు దాటినవారికి మామూలు టీకాలో ఒక్కో వైరస్ రకానికి ఉండే 15 మైక్రోగ్రాముల ప్రోటీన్‌కు బదులు 60 మైక్రోగ్రాములు ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. దాదాపు 32,000 మందిలో, మామూలు టీకాతో పోలిస్తే ఫ్లూ కేసులు 24 శాతం తగ్గాయి. స్క్వాలీన్ అనే నూనె ఆధారంగా చేసిన అడ్జువెంట్ కలిపిన టీకా ఇటలీలో 1997 నుంచే ఉంది. 2022 నుంచి అమెరికాలో ఆ వయసువారికి ఇలాంటి టీకాలనే ముందుగా ఎంచుకోవాలని అధికారికంగా సూచిస్తున్నారు. అయితే 2025లో డెన్మార్క్‌లో మూడు లక్షలకు పైగా వృద్ధులపై జరిగిన పెద్ద పరీక్షలో, ఎక్కువ మోతాదు టీకా వేసినంత మాత్రాన నిమ్ము (న్యుమోనియా), ఫ్లూ రెండూ కలిపి చూసినప్పుడు ఆసుపత్రి పాలయ్యేవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఖరీదైనదల్లా మేలైనదని అనుకోకూడదు కనుక ఈ సంగతి కూడా చెప్పడం న్యాయం. మన దగ్గర సాధారణంగా దొరికేది ఎలాగూ అందరికీ ఒకే మోతాదు టీకానే.

మరి ఆ మామూలు టీకా పెద్దవారికి వేయించడం దండగేనా? లెక్క వేసి చూద్దాం. ఇవి వాదన కోసం అనుకున్న అంకెలే. ఒక ఊళ్లో వెయ్యి మంది యువకుల్లో ఒక ఏడాది ఒకరు ఫ్లూతో ఆసుపత్రి పాలవుతారనీ, వెయ్యి మంది వృద్ధుల్లో ఇరవై మంది అవుతారనీ అనుకుందాం. యువకుల్లో టీకా 60 శాతం పనిచేస్తే వెయ్యి మందికి వేసినా ఒక్క మనిషిని కూడా పూర్తిగా ఆసుపత్రి నుంచి తప్పించలేదు. వృద్ధుల్లో అది 40 శాతమే పనిచేసినా ఎనిమిది మందిని తప్పిస్తుంది. శాతాలు మాత్రమే చూసేవారికి మొదటి టీకా గొప్పగా కనిపిస్తుంది. మంచాల లెక్క చూసేవారికి రెండోది కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా ఫ్లూ సంబంధిత శ్వాసకోశ వ్యాధులతో 2,90,000 నుంచి 6,50,000 మంది చనిపోతున్నారు; అమెరికాలో ఇలాంటి మరణాల్లో 70 నుంచి 85 శాతం అరవై అయిదు దాటినవారివే. పైగా ఫ్లూ నష్టం ఊపిరితిత్తులతో ఆగదు. ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు పెరుగుతుందని కెనడాలో జరిగిన అధ్యయనం 2018లో చూపింది. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో ఉన్నవారికి అక్కడే ఫ్లూ టీకా వేస్తే తరువాతి ఏడాదిలో మరణాలు, మళ్లీ గుండెపోట్లు కలిపి 28 శాతం తగ్గాయని 2021లో మరో పరీక్షలో తేలింది. స్టెంట్లు వేయించుకున్నవారు లేని వీధి మన పట్టణాల్లో ఎక్కడుందో నాకు తెలియదు. వారి మందుల చీటీల్లో మాత్రం ఫ్లూ టీకా పేరు అరుదుగా కనిపిస్తుంది.

వయసు వల్ల అన్నీ పోతాయనుకోవడం కూడా తొందరపాటే. 2009లో కొత్త హెచ్1ఎన్1 ఫ్లూ వచ్చినప్పుడు, మన దేశంలో నిర్ధారణ అయిన మొదటి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. ఆ ఫ్లూ పెద్దవారికంటే పిల్లలను, మధ్య వయసువారిని ఎక్కువగా పట్టుకోవడం అప్పట్లో అందరినీ ఆశ్చర్యపరిచింది. 1918 నాటి మహమ్మారి వైరస్ సంతతి 1957 వరకు ప్రపంచంలో తిరుగుతూ ఉండేది. ఆ ఏడాదికి ముందు పుట్టినవారి ఒంట్లో దాని జ్ఞాపకం మిగిలి ఉంది. అరవై దాటినవారిలో దాదాపు మూడో వంతు మంది రక్తంలో కొత్త వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ముందే ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. వృద్ధుల రక్షణ వ్యవస్థ పాతదాన్ని బాగా గుర్తుంచుకుంటుంది, కొత్తదాన్ని నేర్చుకోవడంలోనే వెనకబడుతుంది. కొవిడ్ సమయంలో దెబ్బతిన్నది అక్కడే. అది అందరికీ కొత్త వైరస్. ఎనభై దాటినవారిలో మొదటి డోసు తరువాత చాలామందికి తగిన రక్షణ రాలేదనీ, రెండో డోసుతో పరిస్థితి బాగా మెరుగుపడిందనీ కేంబ్రిడ్జి పరిశోధకులు 2021లో చూపారు. మన ప్రభుత్వం 2022 జనవరిలో ముందుజాగ్రత్త డోసును మొదలుపెట్టినప్పుడు ఆరోగ్య సిబ్బందితో పాటు, ఇతర జబ్బులున్న అరవై దాటినవారిని ముందు వరసలో నిలబెట్టడం అందుకే సరైన పని.

ఇప్పుడు మా కోనసీమలో ఒక బుధవారం ఎలా ఉంటుందో చెబుతాను. బుధవారం, శనివారం టీకాల రోజులని అందరికీ తెలుసు. ఆ మధ్య రక్తపోటు చూపించుకుందామని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళితే, వరండాలో నెలన్నర పిల్లను ఒళ్లో పెట్టుకొని ఒక అమ్మమ్మ కూర్చుని ఉంది. పక్కనే పచ్చి బాలింత కూతురు. నర్సమ్మ తల్లీబిడ్డల కార్డు తీసి చూసి, నోట్లో పోలియో చుక్కలు, రోటా టీకా వేసి, తరువాత ఒక తొడకు అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్, రెండో తొడకు నిమ్ము టీకా వేసింది. ‘మామ్మగారూ, కాలు కదలకుండా గట్టిగా పట్టుకోండి’ అంటే, ఆవిడ పట్టుకుని, పిల్ల ఏడుపు తగ్గాక నవ్వుతూ, ‘మాలాంటి ముసలాళ్లకేం సూదులు లేవా అమ్మా?’ అని అడిగింది. ‘పెద్దవాళ్లకి ఇక్కడ టీకాలుండవు మామ్మగారూ, కూర్చోండి, బీపీ చూస్తాను’ అంది నర్సమ్మ. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం పిల్లలకు, గర్భిణులకు ఉద్దేశించినది. ఆ అమ్మమ్మకు అందులో చోటు లేదు.

ఆవిడకు తెలియని సంగతి ఒకటుంది. మనవరాలి తొడకు వేసిన నిమ్ము టీకా కొంతవరకు ఆవిడకూ కాపలా కాస్తుంది. నిమ్ము తెచ్చే న్యూమోకాకస్ క్రిమి పసిపిల్లల ముక్కు, గొంతుల్లో కాపురం ఉండి, వారిని ఎత్తుకు ముద్దుచేసే పెద్దవారికి పాకుతుంది. అమెరికాలో 2000 నుంచి పిల్లలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టాక, ఆ టీకాలో ఉన్న రకాల వల్ల వచ్చే తీవ్ర జబ్బులు టీకా వేయించుకోని వృద్ధుల్లో కూడా బాగా తగ్గాయి. జపాన్‌లో బడిపిల్లలకు ఫ్లూ టీకాలు విస్తారంగా వేసిన దశాబ్దాల్లో మరణాలు, ముఖ్యంగా వృద్ధులవి, ఏడాదికి 37,000 నుంచి 49,000 వరకు తగ్గాయనీ, ఆ కార్యక్రమం ఆగిపోయాక మళ్లీ పెరిగాయనీ 2001లో ఒక విశ్లేషణ అంచనా వేసింది. ఆ అంకెల మీద తరువాత వాదోపవాదాలు నడిచినా, చుట్టూ ఉన్నవారికి వేసిన టీకా పెద్దవారిని కాపాడుతుందన్న మూల విషయాన్ని కాదనడానికి లేదు. మన దేశంలో పిల్లల నిమ్ము టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించింది. సొంత స్పందన బలహీనమైన మనిషికి చుట్టూ ఉన్నవారి స్పందనే మొదటి కంచె. కాబట్టి ఇంట్లో పెద్దవారిని చూసుకునే కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, ఆసుపత్రుల్లోని నర్సులు, వృద్ధాశ్రమాల్లో పనిచేసే ఆయాలు ఫ్లూ టీకా వేయించుకోవడం కూడా వృద్ధుల టీకా కిందే లెక్క.

అలాగని పెద్దవారికి నేరుగా వేసే నిమ్ము టీకా అక్కర్లేదని కాదు. పాత రకం నిమ్ము టీకా క్రిమి పైనుండే చక్కెర పొరతో మాత్రమే తయారైనది. దానికి టి-కణాల సాయం అందదు, జ్ఞాపకమూ నిలవదు. ఆ చక్కెరను ఒక ప్రోటీన్‌కు అతికించిన కొత్త రకం అలా కాదు. నెదర్లాండ్స్‌లో అరవై అయిదు దాటిన 84,000 మందికి పైగా జరిపిన పరీక్షలో, టీకాలో ఉన్న క్రిమి రకాల వల్ల వచ్చే నిమ్మును అది 46 శాతం, రక్తంలోకి పాకే తీవ్రమైన జబ్బును 75 శాతం ఆపినట్టు 2015లో వెల్లడైంది. ఇక్కడ కూడా వయసు మారలేదు, టీకా తయారీ మారింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి ఒక మాట. మూత్రపిండాలు దెబ్బతిని డయాలిసిస్ మీద బతుకుతున్నవారు అక్కడ ఎందరో. రక్తం యంత్రంలోంచి వెళ్లి వచ్చే చికిత్స కనుక వారికి హెపటైటిస్-బి ముప్పు ఎక్కువ. మూత్రపిండాల వైఫల్యం, వయసు రెండూ కలిసి టీకా స్పందనను మరింత కుంగదీస్తాయి. అందుకే వారికి మామూలు పెద్దలకు వేసే 20 మైక్రోగ్రాముల డోసు కాకుండా 40 మైక్రోగ్రాముల డోసులు వేసి, చివరి డోసు తరువాత నెల నుంచి రెండు నెలల్లో రక్తపరీక్ష చేసి, యాంటీబాడీలు లీటరుకు 10 యూనిట్ల స్థాయిని చేరాయో లేదో చూడాలి. చేరకపోతే మళ్లీ వేయాలి. టీకా వేసి ఊరుకోకుండా అది పట్టిందో లేదో చూసే ఈ పద్ధతి, తక్కువగా స్పందించే శరీరాలతో ఎలా వ్యవహరించాలో నేర్పుతుంది. డయాలిసిస్ కేంద్రాలకు వెళ్లేవారి కుటుంబసభ్యులు ఈ రెండు విషయాలూ, అంటే డోసు ఎంత, తరువాతి పరీక్ష చేశారా అన్నవి, తప్పకుండా అడగాలి. ఈ టీకాను మన దేశంలోనే పునఃసంయోజక (జన్యు ఇంజినీరింగ్) పద్ధతిలో మొదటిసారి తయారుచేసి 1997లో మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ అని గుర్తుచేసుకుంటే, ఇది మనకు అందని విద్య కాదని తెలుస్తుంది.

వ్యక్తిగతంగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పెద్దవారిలో ఫ్లూ టీకా రక్షణ నెలల్లోనే పలచబడుతుంది కనుక, మన దగ్గర వానలతో ఫ్లూ పెరిగే కాలానికి ముందే వేయించుకోవడం మంచిది. పెట్టె మీద అది ఏ సంవత్సరపు టీకానో, ఉత్తరార్ధగోళానిదో దక్షిణార్ధగోళానిదో ముద్రించి ఉంటుంది. మందుల దుకాణంవారు ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చేటప్పుడు అది చదవడం, ఇంటికి తెచ్చేలోపు వేడెక్కకుండా చూడడం మన పని. బర్మింగ్‌హామ్‌లో 276 మంది వృద్ధులపై 2016లో వెలువడిన పరీక్షలో, మధ్యాహ్నం కంటే ఉదయం వేసిన ఫ్లూ టీకాకు మూడింటిలో రెండు రకాల వైరస్‌లపై ఎక్కువ యాంటీబాడీలు పుట్టాయి. చిన్న పరీక్షే అయినా, ఉదయం వెళితే పోయేదేమీ లేదు. తిండి సంగతి అంతకంటే ముఖ్యం. మన దేశంలో అరవై దాటినవారిలో నాలుగో వంతుకు పైగా ఉండవలసిన బరువు కంటే తక్కువ ఉన్నట్టు జాతీయ సర్వే చెబుతోంది. మాంసకృత్తులు అందని ఒంట్లో యాంటీబాడీలు దేనితో తయారవుతాయి?

ఇమ్యూనిటీ పెంచుతామంటూ టీవీల్లో అమ్మే పొడులనూ పానీయాలనూ మాత్రం నమ్మవద్దని మనవి. వృద్ధుల్లో ఫ్లూ టీకా స్పందనను ఒక మందు సుమారు 20 శాతం పెంచినట్టు 2014లో ఆశ కలిగించే ఫలితం వచ్చింది. అదే కోవకు చెందిన మరో మందును వృద్ధుల్లో శ్వాసకోశ జబ్బులు తగ్గుతాయేమోనని చివరి దశ వరకు తీసుకెళితే 2019లో అది విఫలమైంది. పకడ్బందీగా పరీక్షించిన మందుకే ఆ గతి పట్టినప్పుడు, ఏ పరీక్షా లేని పొడుల మాట చెప్పనక్కరలేదు.

ధర సంగతి చివర్లో రాస్తానన్నాను. సర్పి టీకా ఒక్కో డోసు పది వేల రూపాయలకు పైనే. రెండు డోసులు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, తెలంగాణలో 2,016. పింఛను మీద బతికే మనిషి అయిదు నెలలకు పైగా ఏమీ తినకుండా కూడబెడితే తప్ప ఆ టీకా అందదు. డెబ్బై దాటినవారికి 2024 అక్టోబరు నుంచి కేంద్రం వయోవందన కార్డు మీద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం ఇస్తోంది. మంచి పథకమే. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కరకొచ్చేది. నిమ్ముతో వెంటిలేటర్ మీదికి చేరిన మనిషికి లక్షలు చెల్లించడానికి సిద్ధంగా ఉన్న ప్రభుత్వం, ఆ నిమ్ము రాకుండా చూసే టీకాకు కొన్ని వేలు ఇవ్వకపోవడం లెక్కల ప్రకారం చూసినా పొసగదు.

అన్ని టీకాలూ అందరికీ ఒకేసారి ఉచితంగా ఇవ్వాలని నేనడగడం లేదు. ఫ్లూ, నిమ్ము టీకాలతో మొదలుపెట్టి, ముందు చక్కెర జబ్బు, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారికి, డయాలిసిస్ మీద ఉన్నవారికి ఇవ్వవచ్చు. సర్పి టీకా విషయంలో ఎక్కువ మొత్తంలో కొనేటప్పుడు ధర ఎంత తగ్గుతుందో ప్రభుత్వాలు బేరమాడి చూడాలి. పిల్లల టీకాల విషయంలో చేసింది అదే కదా. ఇక ప్రపంచ టీకాల్లో పెద్ద వాటాను తయారుచేసే హైదరాబాద్ కంపెనీలకూ ఒక విన్నపం. వారి కొవిడ్ టీకాలైన కొవాగ్జిన్‌లోనూ, కోర్బెవ్యాక్స్‌లోనూ వాడినవి కొత్త తరం అడ్జువెంట్లే. పెద్దవారికి కావలసిన సరుకు మన ఊళ్లోనే ఉంది. లేనిది పెద్దవారి మీద తగినంత పరీక్ష. కొవాగ్జిన్ మూడో దశలో పాల్గొన్న 25,000 మందికి పైగా వలంటీర్లలో అరవై దాటినవారు సుమారు పదో వంతే. వారిలో రక్షణ 67.8 శాతమని తేలింది కానీ, సంఖ్య తక్కువ కావడంతో అసలు విలువ 8 శాతం నుంచి 90 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చని ఆ నివేదికే చెప్పింది. అంత వెడల్పాటి అంచనాతో ఏ వైద్యుడూ ఏ వృద్ధుడికీ గట్టిగా హామీ ఇవ్వలేడు. ఇకపై పెద్దలకు ఉద్దేశించిన ఏ టీకా పరీక్షలోనైనా అరవై దాటినవారిని, డెబ్బై అయిదు దాటినవారిని వేర్వేరుగా, తగినంత సంఖ్యలో చేర్చుకోవాలని ఔషధ నియంత్రణ అధికారులు షరతు పెట్టాలి.

రాష్ట్ర ఆరోగ్యశాఖల విషయానికొస్తే, పల్లెల్లో ఎవరికి బీపీ ఉందో, ఎవరికి షుగర్ ఉందో ఇంటింటి సర్వేలో రాసుకున్న జాబితాలు ఏఎన్ఎంల ట్యాబుల్లో ఇప్పటికే ఉన్నాయి. టీకాలు నిల్వచేసే ఐస్ లైన్డ్ ఫ్రిజ్‌లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉన్నాయి, వేసే చేతులూ ఉన్నాయి. ఆ జాబితాల్లోంచి అరవై దాటినవారిని వేరుచేసి, వచ్చే వానాకాలానికి ముందు మే, జూన్ నెలల బుధవారాల్లో వారికి ఫ్లూ టీకా వేయడం ఒకటి రెండు జిల్లాల్లోనైనా మొదలుపెట్టి, ఆ ఏడాది ఆసుపత్రుల్లో చేరికలు ఎంత తగ్గాయో లెక్కగట్టి ప్రకటించాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు,
అమలాపురం